రాహుకాలంలో పెళ్లి

ఆ రోజుల్లో బెజవాడలో మా ఇంట్లో పంచాంగానికున్న గిరాకీ శాస్త్రులుగారి ఇంట్లో కూడా ఉండేది కాదు. మేం నాస్తికులం మరి! కాలేజీలో జువాలజీ చెప్పే మా నాన్న ఇల్లు మారితే మంగళవారమే మారాలి, ఊరెళితే వర్జ్యం చూసే బయల్దేరాలి. ఎదురెళ్లాలంటే ఎప్పుడెళ్లాలో తెలియాలి కాబట్టి ప్రతి ఉగాదికీ అందరికంటే ముందు పంచాంగం కొనేది ఆయనే. "మీ నాన్నకీ శాస్త్రులుగారికీ తేడా ఒక్కటేనే, శాస్త్రులుగారు అప్పుడప్పుడూ మర్చిపోతారు," అనేది అమ్మ. అమావాస్యనాడు పంతం పట్టి కొన్న స్కూటరు వాన పడితే చాలు మొరాయించేది. ఎవరన్నా చూస్తే "మేం అప్పుడే చెప్పలా?" అంటారని దాన్ని సందుల్లోంచి నెట్టుకుంటూ ఆటోనగర్‌లో ఉన్న స్నేహితుడి షాపుకి చేర్చేవాడు. (ఆయన్ని మేం ఆటోనగర్ బాబాయ్ అనేవాళ్లం. అయిదు పూటలా నమాజు చేసే ఆ మనిషి మా నాన్న నాస్తికత్వానికి ఉచితంగా రిపేర్లు చేసేవాడు.)

నేనేమన్నా తక్కువ తిన్నానా! డిగ్రీ అయ్యేసరికి మైకు దొరికితే వదిలేదాన్ని కాదు. నా పెళ్లి కుదిరినప్పుడు "ఆదివారం సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు వరకు, రాహుకాలంలో" అని పెద్ద అక్షరాల్లో వేయించింది నాన్న కాదు, నేనే. (దాన్ని శుభలేఖ అంటే ఊరుకునేదాన్ని కాదు, ఆహ్వానపత్రం అనాలి.) పెళ్లికొడుకుది పామర్రు దగ్గర పల్లె, మా సభలకి వచ్చిపోయే కుర్రాడే. అధ్యక్షుడిగా మా పేట నాయకుడొకాయన్ని పిలిచాం. ఏ సభకి వెళ్లినా "శాస్త్రీయ దృక్పథం!" అని బల్ల గుద్దేవాడు, అందుకని మాలో మేం ఆయన్ని దృక్పథంగారు అనుకునేవాళ్లం.

ఆదివారం రానే వచ్చింది. హాలు నిండిపోయింది కానీ దృక్పథంగారి జాడ లేదు. ఆయన్ని కారులో తీసుకురావడానికి వెళ్లిన ఆటోనగర్ బాబాయ్ కూడా పత్తా లేడు. ఇంతలో పెళ్లికొడుకు మొహం వేలాడేసుకుని వచ్చి, "నాయనమ్మ లోపలికి రానంటోంది," అన్నాడు. తల్లి లేని పిల్లాణ్ని ఒళ్లో వేసుకుని పెంచిన మనిషి ఆవిడ. పెళ్లి బట్టలతోనే వరండాలోకి పరిగెత్తాను. ప్లాస్టిక్ కుర్చీలో ఒక్కతే కూర్చుని ఉంది, కొంగున అక్షింతలు ముడేసుకుని.

"రాహువూ లేడు, గీహువూ లేడు, లోపలికి రండి నాయనమ్మగారూ," అని నేను ఉపన్యాసం అందుకోబోతే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "చదువుకున్నదానివి, నువ్వు చెప్పేదే నిజం అయ్యుండొచ్చమ్మా. నాకు భయం, అంతే. వీడి అమ్మ పోయినప్పుడు, ముహూర్తం సరిగ్గా చూడకుండా పెళ్లి చేసి పిల్లని పొట్టన పెట్టుకున్నావని ఊరంతా నన్నే అన్నారు. ఆ మాట ఇంకోసారి పడలేను తల్లీ. ఆరు దాటాక వస్తాలే. నాకోసం ఆగబాకండి, మీరు కానిచ్చెయ్యండి."

ఆవిడ బయట కూర్చుంటే లోపల దండలు మార్చుకోవడానికి నాకు మనసు రాలేదు. పోనీ ఆగుదాం అనడానికి నోరు రాలేదు, ఆ పెద్ద అక్షరాలు నావే కదా! వేదికెక్కి నాన్న చెవిలో సంగతంతా చెప్పాను. ఆయన పక్క గుమ్మంలోంచి వరండా వైపు ఒకసారి చూశాడు. "అనుకున్న టైము అనుకున్నదే, పెళ్లి మొదలుపెడుతున్నాను," అని మైకు అందుకున్నాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఇంత రాతిగుండె మనిషా మా నాన్న అనుకున్నాను.

నాన్న క్లాసులో గంట మోగితే సగం మాటలోనే సుద్దముక్క కింద పెట్టేసే మనిషి. సభల్లోనూ అంతే, రెండు మాటలంటే రెండే. అలాంటిది ఆ రోజు అమీబా దగ్గర ఎత్తుకున్నాడు. వానపాము దగ్గరికి వచ్చేసరికి చంటిపిల్లలు ఏడుపు లంకించుకున్నారు. వానపాముకి ఎన్ని గుండెలో విడమర్చి చెబుతుంటే వంటాయన గుమ్మంలో నిలబడి, "బజ్జీలు చల్లారిపోతున్నాయండీ," అని మొత్తుకున్నాడు. బొద్దింక వచ్చేసరికి నాకు ఒళ్లు మండిపోయి, "నా పెళ్లిలో బొద్దింకలేంటి నాన్నా, ఆపు!" అని పళ్లు నూరాను. "పరిణామక్రమంలో తొందర పనికిరాదమ్మా," అన్నాడు, అదీ మైకులోనే. హాలంతా గొల్లుమంది.

కోతి చెట్టు దిగి మనిషి రెండు కాళ్ల మీద నిలబడే వేళకి గోడ గడియారంలో ఆరు దాటింది. నాన్న సగం మాటలో మైకు కింద పెట్టేశాడు. పక్క గుమ్మంలోంచి నాయనమ్మ లోపలికి వచ్చింది. ఎదురు గుమ్మంలోంచి దృక్పథంగారు వచ్చారు, "ట్రాఫిక్కండీ, ఘోరమైన ట్రాఫిక్కు," అనుకుంటూ. ఆయన వెనకాలే వచ్చిన ఆటోనగర్ బాబాయ్ నా దగ్గరికొచ్చి, "ఏం ట్రాఫిక్కమ్మా! దారిలో కారాపించి, ఇందాకట్నుంచీ నా షాపులోనే కూర్చున్నాడు. గేర్‌బాక్సులన్నీ బేరమాడాడు, ఒక్కటీ కొనలా. ఆరయ్యేదాకా లేవనే లేవలా," అని గొణిగాడు. నాన్న దృక్పథంగారికి ఒక నమస్కారం పడేసి, గబగబా దిగివెళ్లి నాయనమ్మ చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాడు. మేం దండలు మార్చుకున్నాం. ఆవిడ కొంగు ముడి విప్పి అక్షింతలు మా మీద చల్లి, బావురుమని ఏడ్చి, మళ్లీ నవ్వింది. నాలుగు గింజలు నాన్న నెత్తిన పడ్డాయి. ఆయన దులుపుకోలేదు.

భోజనాల దగ్గర నిలదీశాను. "నిజం చెప్పు నాన్నా, కావాలనే సాగదీశావు కదూ?"

"భలేదానివే! నాస్తికుణ్ని, రాహుకాలం ఎప్పుడైపోతుందో నాకేం తెలుసు?" అని బజ్జీ నోట్లో పెట్టుకున్నాడు.

ఇప్పుడు నాన్నా లేడు, నాయనమ్మా లేదు. వేదిక మీద పళ్లు నూరిన ఆ పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది, వాళ్లిద్దర్నీ తలుచుకుంటే కళ్లు తడుస్తాయి. రాహువు ఇప్పటికీ లేడనే అంటాను. పంచాంగం మాత్రం ప్రతి ఉగాదికీ కొంటున్నాను. "నీకెందుకే అది?" అని మా ఆయన ఏటా వెక్కిరిస్తాడు. ఎవరైనా బయట కుర్చీలో కూర్చుంటే, లోపల ఎంతసేపు మాట్లాడాలో తెలియొద్దూ?