అన్న గ్రీన్ టీల నేనేసిన బెల్లం

నేను సాయవ్వను. డెబ్బై మూడేండ్లుంటయి. బోధన్ల చక్కెర ఫ్యాక్టరీ వెనక వాడకట్టుల ఉంట. ఇంట్ల కొడుకు, కోడలు, నేను. కొడుకు ఆటో నడుపుతడు, కోడలు బీడీలు చేస్తది. నాకు సదువు రాదు. నేను చెప్తుంటె మా గల్లీల ఉండె నర్సు సుగుణమ్మ రాస్తున్నది. మా గోడవతలి అన్న పోయి ఇయ్యాల్టికి పందొమ్మిది దినాలు.

పొద్దుగాల పది గొట్టంగ పోయిండు. అప్పటికే ఆయన చాయ్‌కి నేను స్టవ్ మీద నీళ్లు పెట్టిన. గోడవతలికెల్లి వదిన "సాయవ్వా!" అని ఒక్కటే కేక. నేను ఉరికి పోయేసరికి కుర్సీల కూసున్నోడు కూసున్నట్టే ఉన్నడు. పేపరు ఒళ్లెనే ఉన్నది. నా కొడుకు ఆటోల ఏసుకొని దవాఖానకు తీసుకపోయిండు. డాక్టరు సూసి, "తొవ్వలనే అయిపోయింది" అన్నడట. మల్ల నేను ఇంట్లకొచ్చి సూస్తె నీళ్లన్ని ఇంకి, గిన్నె నల్లగ మాడి ఉన్నది.

అన్న బిడ్డ నిజామాబాద్ల ఉంటది. నెల మాసికం నాడు నలుగురికి పంచేతందుకు నాయిన మీద చిన్న పుస్తకం అచ్చేపిస్తున్నది. "అత్తమ్మా, అందరు చెప్పిండ్రు, నువ్వు గూడ నాలుగు మాటలు చెప్పు" అన్నది. అందరు మంచోడని చెప్పి ఉంటరు. మంచోడే. నేను చెప్పేది ఏరే ఉన్నది. ఏస్తె మొత్తం ఎయ్యుండ్రి. సగం కోసి ఏసేటట్టుంటె అసలే ఎయ్యొద్దు.

ఫ్యాక్టరీ నడిచిన దినాలల్ల అన్నది చెరుకు రసం పరీక్ష చేసే పని. ఏ బండి చెరుకుల ఎంత తీపున్నదో మిషన్ల సూసి రాసేటోడు. కని మిషన్ల పొయ్యకముందే ఒక్క చుక్క నాలుక మీద ఏసుకునేటోడు. "మిషన్‌కు కరెంటు కావాలె సాయవ్వా, నాలుకకు అక్కర లేదు" అనేటోడు. కోటగిరి దిక్కుకెల్లి వచ్చిన బండి చెరుకు కోసి ఎన్ని దినాలైందో గూడ చెప్పేటోడు. బండ్లోళ్లు వాదులాడేటోళ్లు, ఆఖరికి ఒప్పుకునేటోళ్లు.

నాది అదే గేటు ముంగట చాయ్ బండి. ముప్పై ఏండ్లు నడిపిన. నా చాయ్ ఎవ్వరు గిలాసల ఇడిచిపెట్టి పోలే. ఫ్యాక్టరీ మూతబడ్డది, నా బండి గూడ బందయ్యింది. ఆయన మా గోడవతలనే ఇల్లు కట్టుకున్నడు. నడుమెత్తు గోడ. దినాం పదింటికి ఆ గోడ మీదికెల్లి నేను చాయ్ ఇచ్చుడు, ఆయన పేపర్ల సంగతులు నాకు చదివి చెప్పుడు. తాగినంక ఉట్టి గిలాసను ఉంగరం తోటి రెండుసార్లు కొట్టేటోడు. అంటె అయిపోయింది, తీసుకపో అన్నట్టు.

రెండేండ్ల కింద ఆయనకు గుండెల నొప్పొచ్చింది. స్టెంటేసిండ్రు. అంతకుముందు నుంచే షుగరున్నది. డాక్టరు చెప్పిన మాట వదిన నాకు ఒక్కక్షరం పోకుండ చెప్పింది. చక్కెరేసిన పాల చాయ్ బందు వెట్టాలె. తాగాలని పానం కొట్టుకుంటె గ్రీన్ టీ తాగుమను, గుండెకు జర మంచిదని అంటున్నరు, అయినా గ్యారంటీ లేదు. అది మందు గాదు, గోలీలు ఆపొద్దు. తీపి మాత్రం ఎయ్యొద్దు.

ఇంట్ల అన్న ఆ గ్రీన్ టీని ముట్టలే. "గడ్డి ఉడకవెట్టి ఇస్తున్నవు, నేనేమన్న బర్రెనా?" అని వదినను ఏడిపిచ్చిండు. అప్పుడు వదిన ఆ ఆకు డబ్బ పట్టుకొని నా కాడికొచ్చింది. "సాయవ్వా, నీ చేతి చాయ్ అయితె కాదనడు. నువ్వే చెయ్యి." డబ్బ నా చేతుల పెట్టింది. ఇంకేమి చెప్పాల్నో అంత చెప్పింది. తీపి ఎయ్యొద్దని రెండుసార్లు చెప్పింది. నాకు ఇనరాలేదని నేను అబద్ధం ఆడ.

మొదటి దినం ఉట్టిదే ఇచ్చిన. రెండు గుటకలు తాగి గోడ మీద పెట్టిండు. మిగిలిందంత నేను తీసుకొచ్చి పారవోసిన. ముప్పై ఏండ్లల్ల నా చాయ్ పారవోసుడు అదే మొదలు. నాకు పానం మొత్తం మండింది. తీపి లేని చాయ్ ఇచ్చుడంటె నాకు మనిషిని వాకిట్లనే నిలవెట్టి పంపినట్టు. తెల్లారి శనగగింజంత బెల్లం ఏసిన. మొత్తం తాగిండు. ఉంగరం తోటి టక్కుటక్కుమని రెండుసార్లు కొట్టిండు. ఆ సప్పుడు కోసం నేను మనిషిని ముంచిన.

నెల రోజులకు శనగగింజ రేగ్గాయంత అయ్యింది.

వదినకు సంబురం. వచ్చినోళ్లందరికి చెప్పేది, "మా సాయవ్వ పుణ్యాన గ్రీన్ టీ తాగుతుండు, గుండె గట్టిగయితది" అని. నేను ఇని నవ్వేదాన్ని. ముసలోడైండు, నాలుక పోయింది, ఏమెరుక అనుకున్న. ఒకనాడు ఆయన గిలాస పెట్టిన కాడ గోడ మీద తడి గుండ్రంగ అంటింది. దాని సుట్టు చీమలు. అన్న వంగి సూసి, "వీండ్లకు మనకంటె ముందే ఎరుకైతది సాయవ్వా" అన్నడు. ఉఫ్ అని ఊదిండు. నేను ఇంట్ల పొయ్యి మీద కూర మాడుతున్నదని చెప్పి లోపలికి పోయిన. పొయ్యి మీద ఏం లేకుండె.

నాలుగు నెలలకు పరీక్ష చేపిస్తె షుగరు బాగ పెరిగింది. డాక్టరు అడిగిండట, తీపి తింటున్నవా అని. ఇంటికొచ్చి వదిన వాకిట్లనే మొదలువెట్టింది. "హోటల్ల జిలేబి మెక్కుతున్నవా? ఎవని తోటి తిరుగుతున్నవు? సచ్చి నన్ను సంపుతవా?" గల్లీ అంత ఇన్నది. నేను గోడకాడ బట్టలు ఆరేస్తున్న. అన్న తల వంచుకొని కూసున్నడు. ఒక్కసారి తలెత్తి నా దిక్కు సూసిండు. కోపం లేదు ఆ సూపుల. మల్ల వదిన దిక్కు తిరిగి, "తిన్న. ఇంక తిన" అన్నడు.

గప్పుడు ఎరుకైంది నాకు. మొదటి గుటకకే ఆయనకు తెలుసు. ఎంత బెల్లం పడ్డదో గూడ తెలుసు. నా మొఖం చిన్నగ చెయ్యొద్దని తాగిండు. నా తప్పు తన మీద ఏసుకొని తిట్లు గూడ తిన్నడు. ఆ గోడ దాటి, "వదినా, నేనే ఏసిన" అని ఒక్క మాట అంటె అయిపోవు. అనలే. తడి చీర చేతుల పట్టుకొని గట్లనే నిలవడ్డ.

తెలిసినంక గూడ బెల్లం ఆపలే. తగ్గిచ్చిన. తగ్గిచ్చినందుకు నన్ను నేనే మెచ్చుకున్న.

ఈడికొచ్చేసరికి సుగుణమ్మ కలం ఆపింది. "అవ్వా, బెల్లం తోటే పోయిండని ఎవ్వరు చెప్పలేరు. గుండె ముందుగాలనే దెబ్బతిన్నది. నువ్వు సంపినట్టు చెప్తె నేనెట్ల రాయాలె?" అంటున్నది. నువ్వు జడ్జివి గాదు బిడ్డా, రాయి. సంపిన అని నేను అంటలేను. మంచి చేస్తదని నమ్మి ఒకామె నా చేతుల పెట్టినదాన్ని నేను చెడగొట్టిన. అది రాయి.

ఇంత ఎందుకు రాపిస్తున్న అంటె, అన్న పోయిన మూడో దినం వాకిట్ల ఆడోళ్లు కూసొని ఒక్కటే ముచ్చట. "ఆ ఆకు నీళ్లు తాగి ఏం బతికిండు? మంచిగ పాల చాయ్ తాగేటోన్ని మాన్పిచ్చి ఒళ్లంత ఏడి చేసిండ్రు." వదిన అది ఇని రొమ్ము గుద్దుకున్నది. "నేనే తెచ్చిన. నా చేతులార నేనే తాగిపిచ్చిన." అప్పటికెల్లి డాక్టర్లు చెప్పేదంత అబద్ధమే అని ఆమె తన బీపీ గోలీలు గూడ మింగుత లేదు. బిడ్డ బతిమాలింది, సుగుణమ్మ బతిమాలింది. ఇంటలేదు. ఆ ఆకును తిట్టకుండ్రి. అన్న ఒంట్లకు అది పోయిందెప్పుడు? పోయింది నా బెల్లం పాకం. నువ్వు ఆయనకు మంచిదే తెచ్చినవు వదినా. గోలీలు మింగు.

ఈడిదాంక రాసినంక వదినను పిలిచిన. వచ్చి మెట్ల మీద కూసున్నది. సుగుణమ్మ మొత్తం చదివి ఇనిపిచ్చింది. వదిన కొంగు ఏలికి సుట్టుకుంట ఇన్నది. చదువుడు అయినంక కొంగు ఏలికెల్లి ఇప్పుకున్నది.

"దినాం ఏసినవా?" అన్నది.

"దినాం ఏసిన."

"ఆయనకెరుకేనా?"

"ఎరుకే."

"నన్ను తిట్టనిచ్చిండు సూడు" అన్నది. నన్ను తిడితె బాగుండు. కలం తీసుకొని కింద సాక్షిగ తన పేరు తాను రాసింది. రాసి లేసి పోయింది. నా దిక్కు సూడలే. కొద్దిసేపటికి గోడవతల బిందెలకెల్లి నీళ్లు ముంచిన సప్పుడయ్యింది, గోలీల పత్త చింపిన సప్పుడయ్యింది.

డబ్బల ఇంక కొంచెం ఆకున్నది. ఈ దినాలల్ల పొద్దుగాల పదింటికి ఒక గిలాస చేసి గోడ మీద పెడుతున్న. ఉట్టిదే, బెల్లం లేదు. ఇయ్యాల గూడ పెట్టిన. సల్లారిపోయేదాంక దాని పక్కనే నిలవడ్డ. గిలాస అడుగున తడి గుండ్రంగ అంటింది. ఒక్క చీమ రాలే.

సాయవ్వ, ఎడమ చెయ్యి బొటనేలు ముద్ర.

చదివి ఇనిపిచ్చినంక ముద్ర ఏసిందని ఎరిగినోళ్లు:
సుగుణమ్మ, నర్సు. రాసింది గూడ ఈమెనే.
సావిత్రమ్మ, గోడవతలి ఇల్లు.