ఒంటెలు లేని లిబియా

నా చిన్నప్పుడు, వేములవాడకు దగ్గర్లో ఉన్న మా ఊళ్లో, పరదేశం పోయి వచ్చినవాళ్ల ఇంటి ముందు పదిమంది చేరి కూర్చోవడం మామూలే. దుబాయి, మస్కట్ పోయి వచ్చినవాళ్లు ఎండ గురించీ ఇసుక గురించీ చెప్పేవారు. విన్నవాళ్లు అదే మళ్లీ మళ్లీ చెప్పించుకునేవారు. మా పక్కింటి కాక మాత్రం లిబియా పోయి వచ్చాడు. మేస్త్రీ పని. కొన్నేళ్లు అక్కడే ఉండి ఇళ్లు కట్టాడు.

ఆయన చెప్పిన లిబియా ఎవరికీ నచ్చలేదు. తాను ఉన్నచోట ఒంటె కనబడలేదన్నాడు. పచ్చని కొండలట, చలికాలమంతా వానలట, ఒక్కోసారి మంచు కూడా పడుతుందట. అక్కడివాళ్లు బొంగుల్లాంటి లావుపాటి సేమ్యాను కారంగా వండి, ఒకే తాంబాళంలో పెట్టుకుని అందరూ తింటారట, ఎవరి ముందున్నది వాళ్లే. చిక్కటి చాయ్‌ని పైనుంచి ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి పోసి నురగ తెప్పించి, చివరి విడతలో వేయించిన పల్లీలు వేసి ఇస్తారట. చాయ్‌లో పల్లీలనేసరికి అరుగు మీద కూర్చున్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఇక తవ్వకాలు మొదలయ్యాయి. ఎండలో పనిచేసినవాడు రంగు తేలి ఎలా వచ్చాడని ఒకరు, ఎడారి నుంచి ఎవడైనా ఉన్ని కంబళి తెస్తాడా అని ఇంకొకరు. చివరికి తేల్చిందేమిటంటే, కాక సముద్రమే దాటలేదు, బొంబాయిలో ఇంకో సంసారం పెట్టుకుని ఇన్నేళ్లూ అక్కడే కాపురం చేశాడు. ఆ మాట చిన్నమ్మ చెవిన పడింది. చిన్నమ్మంటే కాక భార్య. ఆమె ఏడవలేదు, అరవలేదు. కాకకు అన్నం పెట్టి తాను అవతలికి పోయేది. ఆయన దగ్గితే కూడా ఎందుకు దగ్గాడా అన్నట్టు చూసేది. కొన్నాళ్లకు జమ్మికుంట నుంచి తన అన్నదమ్ములను పిలిపించుకుంది. కులపెద్దల ముందు పంచాయితీ, అది తేలకపోతే పుట్టింటికి ప్రయాణం. సంచీ కూడా సర్దేసింది.

పంచాయితీ రోజు పొద్దున కాక మా ఇంటికి వచ్చాడు. మా బాపమ్మ, అంటే మా నాన్న తల్లి, చేట ముందేసుకుని కందులు ఏరుతోంది, నేను పక్కనే ఉన్నాను. బాపమ్మ ఎవరినీ ఊరికే నమ్మే మనిషి కాదు. పాలలో నీళ్లు పోసిందేమోనని మా సొంత బర్రెనే అనుమానంగా చూసేది. అలాంటిది కాక చెప్పిందంతా మొదటి నుంచి చివరిదాకా వింది. నిజం చెప్పినకొద్దీ దొంగనవుతున్నానని, ఆమె పోతే తనకు ఇల్లే లేదని కాక తల వంచుకున్నాడు.

"వాళ్లకు ముందుగాల్నే ఒక లిబియా ఎరుకున్నది బిడ్డా," అంది బాపమ్మ. "గదే చెప్పు. నీ లిబియా నీ దగ్గర్నే ఉండనియ్."

పంచాయితీలో కాక లేచి నిలబడి ఇసుక గురించి చెప్పాడు. కొండల మాట ఎత్తలేదు. ఎటు చూసినా ఇసుకేనన్నాడు, ఒంటెల మీదే నీళ్లు వస్తాయన్నాడు, ఖర్జూరాలు తిని బతికానన్నాడు. దుబాయి పోయి వచ్చినాయన ప్రతి మాటకూ తలూపాడు. ఒంటె కరుస్తుందా అని ఒక పెద్దమనిషి అడిగాడు. కరుస్తుందన్నాడు కాక. అంతే, అందరి మొహాలూ విప్పారాయి. ముందే గిట్ల చెప్పొద్దా అని బావమరుదులే నవ్వి కల్లు తెప్పించారు. చిన్నమ్మ సంచీ తీసుకుపోయి లోపల పెట్టింది. పోతూ పోతూ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

నాకు మాత్రం ఒళ్లు మండింది. ఇంతకీ కాక పోయాడా, పోలేదా? ఆయన మనతో కూడా అబద్ధం చెప్పలేదని ఎలా తెలుసని బాపమ్మను నిలదీశాను.

"అబద్ధం ఆడెటోడైతే మొదలే ఒంటెల ముచ్చట చెప్తుండె," అంది. "ఎవ్వలు నమ్మని ముచ్చట ఎవ్వడన్న కల్పిస్తడానే?"

తర్వాత చిన్నమ్మ మా ఆయన ఒంటెల దేశం చూసొచ్చిండని వచ్చినవాళ్లకల్లా చెప్పి, ఆ ముచ్చట్లు ఆయనతో చెప్పించేది. ఆయనా చెప్పేవాడు, ప్రతిసారీ కొత్త ఒంటెను కలిపి. ఒక చలికాలం నేనొక్కదాన్నే ఉన్నప్పుడు ఆ మంచు ఎట్లుంటదని అడిగాను. కాక ఇంట్లోకి ఒకసారి చూసి, "గదంత మర్శిపోయిన బిడ్డా," అన్నాడు. మరిచిపోలేదని ఆయన గొంతే చెప్పింది. నాకు ఏడుపొచ్చింది. పెళ్లాన్ని దక్కించుకోవడానికి ఆ మనిషి తన బతుకులో కొన్నేళ్లను నోరెత్తకుండా పూడ్చిపెట్టుకున్నాడు.

బాపమ్మ అనుమానం నాకూ అంటింది, కానీ ఆ రోజు నుంచి దాని దారి మారింది. నేను వినాలనుకున్నదే ఎవరైనా తీయగా చెబితే అక్కడ ఆగి అనుమానిస్తాను. చెప్పినవాడికే నష్టం తెచ్చే మాటైతే కూర్చుని వింటాను. ఇంట్లో నన్ను పోలీసమ్మ అంటారు, అననీ.

కాక, చిన్నమ్మ, బాపమ్మ ఎవరూ లేరిప్పుడు. ఈమధ్య ఈ సంగతి చెబితే నా మనవరాలు ఫోన్ తీసి, లిబియాలో పచ్చని కొండలున్నాయో లేదో ఇప్పుడే చూపిస్తానంది. వద్దన్నాను. అన్నిటికీ రుజువులు అడిగే ముసలిదాన్ని, అదొక్కటీ కాక మాట మీదే నమ్ముతాను.