ఆంటీ ఊడ్చేసిన సాక్ష్యం

మా ఇంటి ఓనరు ఆంటీ పోయిన మంగళవారం ఆసుపత్రిలో, నిద్రలోనే, ఎవరినీ కంగారు పెట్టకుండా కన్నుమూశారని పాఠక మహాశయులకు తెలియజేయడానికి చింతిస్తున్నాను. స్వర్గంలో వాకిళ్లు ఎలా ఉంటాయో నాకు తెలియదు. ఈపాటికి ఆవిడ ఒకటి ఊడ్చేసి ఉంటారని మాత్రం తెలుసు. పక్కవాళ్లది కూడా.

ఆస్ట్రేలియాలో, సిడ్నీకి దక్షిణాన, హెలెన్స్‌బర్గ్‌లో అడవిని ఆనుకుని ఉన్న ఆ ఇంటి వెనక గదిలో, వులంగాంగ్‌లో యూనివర్సిటీకి వెళ్లే రోజుల్లో అద్దెకు దిగాను. చదువు అయిపోయింది, ఉద్యోగం వచ్చింది, గది మాత్రం ఖాళీ చెయ్యలేదు. దానికి కారణం ఆంటీ చేసే బీరకాయ పచ్చడి అని గిట్టనివాళ్లు అంటారు. గిట్టనివాళ్లు అన్నిసార్లూ అబద్ధాలు చెప్పరు.

ఆంటీది చీరాల దగ్గర సముద్రపు ఒడ్డు ఊరు. అక్కడ సరుగుడు అంటే పందిరికి రాట, లేకపోతే పొయ్యిలోకి కట్టె. దాన్ని పెరట్లో ముద్దుగా పెంచుకునేవాళ్లు ఉండరు. అలాంటి మనిషి చేతిలో, నేను రాకముందెప్పుడో, పక్కవీధి ఆవిడ సరుగుడు మొక్కలు పెట్టింది. ఆవిడ రిటైరైన స్కూలు టీచరు. ఏ పక్షి ఎక్కడ కనిపించిందో గమనించి కబురు పంపే స్వచ్ఛంద సేవకురాలు కాబట్టి మా ఇంట్లో ఆవిడ పేరు పక్షులావిడ. గ్లాసీ బ్లాక్ అనే నల్ల కాకటూ, పెద్ద చిలకలాంటి పక్షి, ఒకటుందని, అది సరుగుడు కాయ తప్ప ఇంచుమించు ఇంకేమీ ముట్టదని, చెట్లు కాలిపోయి, కొట్టేసి, తిండి దొరక్క ఆ జాతే తరిగిపోతోందని చెప్పిందట. ఆంటీ జాతుల పరిరక్షణ గురించి దీర్ఘంగా ఏమీ ఆలోచించలేదు. “ఒక్క కూరతోనే తినే పిల్లోడుంటే ఏం జేస్తాం? ఆ కూరే వండుతాం” అని కంచె పొడుగునా నాటేశారు.

ఈ చెట్లలో ఆడవి వేరు, మగవి వేరు. కాయ కాసేది ఆడచెట్టు. ఏది ఏదో తేలడానికి ఏళ్లు పడుతుంది. తీరా తేలాక చూస్తే ఆంటీ నాటినవాటిలో చాలామటుకు మగపెళ్లివారే. దర్జాగా నిలబడి పుప్పొడి రాల్చడం తప్ప వాళ్లకు వేరే పని లేదు.

అంకుల్ రైల్వేలో సిగ్నళ్ల ఇంజనీరుగా చేశారు. ప్రమాదాన్ని ముందే పసిగట్టడం ఆయన వృత్తి. సరుగుడు ఆకు సూదుల్లా రాలి ఇంటి కప్పు అంచున వాననీళ్లు పోయే గట్టర్లలో పేరుకునేది. అడవి పక్కన ఇల్లు, ఎండాకాలం, ఒక్క నిప్పురవ్వ చాలు. ఆయన భయం న్యాయమైనదే. అందుకే ఒకరోజు భోజనాల దగ్గర తీర్పు చెప్పేశారు.

“ఎండలు ముదిరేలోపు నీ చుట్టాలు రాకపోతే చెట్లన్నీ కొట్టించేస్తా.”

“చుట్టం రాలేదని పొయ్యి ఆర్పుకుంటామా?” అన్నారు ఆంటీ.

“పొయ్యి కాదే, ఇల్లే అంటుకునిద్ది.”

వచ్చేవి రాకపోగా తెల్ల కాకటూలు వచ్చేవి. గుంపుగా, అరుచుకుంటూ, వెనక చెక్క వసారా కర్రలు కొరికిపెట్టడానికి. “ఇదిగో, దిగారు మీవాళ్లు” అనేవారు అంకుల్. “వాళ్లు మీ వైపు” అనేవారు ఆంటీ, కూర తరుగుతూ, తల ఎత్తకుండా.

గడువు దగ్గరపడ్డాక ఆంటీ పక్షులావిడను పిలిపించారు. ఇక్కడివాళ్ల భాషలో “ఆర్వో”, అంటే మధ్యాహ్నం, వస్తానని చెప్పి టీ వేళకి దిగింది. పైకి చూస్తుందనుకుంటే కాయలున్న చెట్టు కింద మోకాళ్ల మీద కూర్చుని నేల వెతికింది. ఇవి గోల చేసే పక్షులు కావని, వచ్చాయో లేదో తెలిసేది కింద రాలిన చెత్తని బట్టేనని, నమిలి పారేసిన కాయల పిప్పి ఉండి తీరాలని చెప్పింది. “సారీ లవ్, ఇక్కడ ఏమీ లేదు.”

అంకుల్ గొంతు సవరించుకున్నారు. ఆంటీ ఇంగ్లీషు ఆపదలో తెలుగైపోయేది. నావైపు తిరిగారు.

“చెత్తెందుకు ఉండిద్దే? పొద్దున్నే ఊడ్చేస్తన్నా గదా.”

“ఏం ఊడుస్తున్నారాంటీ?”

“ఏందో, తవుడు తవుడుగా కాయ ముక్కలు. ఎలకలనుకున్నా. అయినా ఊడవకుండా ఎట్టా ఉంటారు మనుషులు?”

నేను తర్జుమా చేశాను. పక్షులావిడ లేచి నిలబడి, చాలా మర్యాదగా, ఆ చెత్త ఎక్కడ పోస్తారని అడిగింది. మరో నిమిషంలో మేం నలుగురం తోట చెత్త పోసే ఆకుపచ్చ బిన్నును గడ్డి మీద బోర్లించి దాని చుట్టూ గొంతుక్కూర్చున్నాం. సగం కొరికిన కాయను ఆవిడ రెండు వేళ్లతో పైకెత్తి, వజ్రాల వ్యాపారిలా వెలుతురుకి పెట్టి చూసింది. పక్షి నమిలిందేనంది. ఆ రోజు రాలేదు గానీ, మామూలుగా ఆంటీ ఉదయం ఊడ్చి గుడి వంటశాలలో సాయానికి వెళ్లాక వచ్చి తిని పోతున్నాయన్నమాట. ఆ వేళ ఇంట్లో ఉండే ఏకైక పరిశీలకుడు అంకుల్. ఆయన క్రికెట్ పరిశీలనలో ఉండేవారు.

“ఎలకలు కూడా అయ్యుండచ్చు” అన్నారు అంకుల్. కళ్లతో చూస్తేగానీ పచ్చజెండా ఊపని మనిషి.

అయితే చూడండి, కొన్నాళ్లు ఊడవడం ఆపండి, అంది పక్షులావిడ.

ఆంటీ చీపురును షెడ్డులో పెట్టి తాళంచెవి నాకిచ్చారు, తన మీద తనకు నమ్మకం లేక. పొద్దున్నే కాఫీ గ్లాసుతో మెట్ల మీద కూర్చుని, పరీక్ష తప్పిన పిల్లను చూసినట్టు పెరటిని చూసేవారు. గుడికి వెళ్తూ ఆగినవాళ్లు ఆ పెరడు చూసి గొంతు తగ్గించి అడిగేవారు, “ఒంట్లో బాగుండటం లేదా ఆంటీ?”

“నేను బాగానే ఉన్నా. పిట్టల కోసం మురిగ్గా ఉంటన్నా.”

ఒక శనివారం పైనుంచి చిన్న చప్పుడు, పక్కగదిలో ఎవరో వేరుశనక్కాయలు ఒలుస్తున్నట్టు. రెండు నల్ల పక్షులు. ఒకదాని తోకలో ఎర్రటి పట్టీ. రెండోదాని తలమీదా మెడమీదా పచ్చటి మరకలు.

“పసుపు రాసుకొచ్చింది చూడే” అని గొణిగారు ఆంటీ. “పేరంటాలు.” కళ్లు చిట్లించి చూసి, “ఎడం చేత్తో తింటన్నయ్యేంది? తల్లి చెప్పలా?”

ఫోన్‌లో ఫోటోలు తీస్తూనే వెతికి చెప్పాను. ఈ జాతి ఇంచుమించు మొత్తం కాయను ఎడమకాలితోనే పట్టుకుంటుందట.

“పోన్లే. చుట్టాలకు వంకలు పెట్టకూడదు.”

ఓవరు మధ్యలో అంకుల్ బయటికొచ్చారు. చాలాసేపు తల పైకెత్తి చూశారు. చివరికి మెల్లగా అన్నారు, “ఎలకలు కావు.” అంతకు మించిన క్షమాపణ పెళ్లయ్యాక తాను వినలేదని ఆంటీ తర్వాత చెప్పారు.

ఇక ఆవిడ ఆగలేదు. వరలక్ష్మీ వ్రతానికి వచ్చినవాళ్లకు శనగలు, జాకెట్ ముక్క, సరుగుడు మొక్క. సిడ్నీ శివారు రౌస్ హిల్ నుంచి వచ్చినావిడ మాది అపార్ట్‌మెంట్ ఆంటీ అంటే, “మీ పిల్లల బళ్లో పెట్టించు, వాయనం వెనక్కియ్యకూడదు” అన్నారు. ఆ బళ్లో చెట్టు ఇప్పుడు నాకంటే పొడుగు. ఆడో మగో ఇంకా తేలలేదు.

నిన్న ఉదయం, ఆంటీ అంత్యక్రియలకు వచ్చిన బంధువులు వెళ్లిపోయాక, అంకుల్ నిచ్చెన వేశారు. ఎవరినైనా పిలుద్దామన్నాను. “చెట్లుంచాలంటే గట్టర్లలో ఆకు తియ్యాలి గదమ్మా” అని ఎక్కేశారు. నేను కింద పట్టుకున్నాను. ఆయన సగం పనిలో ఉండగా తల్లీపిల్లా నల్ల కాకటూలు వచ్చి, ఆయనకు చెయ్యి చాస్తే అందే కొమ్మ మీద వాలాయి. పిల్ల గొంతు గీరుకుంటూ తిండి అడుగుతోంది.

“దిగండి అంకుల్, మోకాళ్లు పట్టేస్తాయి” అన్నాను.

“ష్. నిచ్చెన కిర్రుమంటది. తిననియ్.”

తల్లి కాయ కొరికినప్పుడల్లా పొట్టు ఆయన తెల్లజుట్టు మీద రాలుతోంది. పిడికిట్లో తడి ఆకులు అలాగే పట్టుకుని, తల దులుపుకోకుండా, ఆయన నిలబడే ఉన్నారు.