డ్రైవరు మీది మూత

ఆ వీధిలో పళ్ళాయన అంటే తప్ప ఆయన్ని ఎవరూ గుర్తుపట్టరు. కట్టుడు పళ్ళు చేయడం ఆయన పని. ముందు గది దుకాణం, వెనక గదులు కాపురం. దుకాణంలో ఒక మూల ప్లాస్టర్ బస్తా, మైనం కరిగించే చిన్న గిన్నె, గోడ పొడుగునా చెక్క అరలు. అరల నిండా ప్లాస్టర్ దవడలు. ఏ దవడ ఎవరిదో చీటీ చూడకుండా చెప్పేస్తాడు. వాటిలో సగం మంది ఇప్పుడు బతికి లేరు. "పారేయొచ్చు కదండీ, తలుపు తీయగానే అన్నీ నన్ను చూసి ఇకిలిస్తున్నాయి" అని ఆయన భార్య పెళ్ళయిన కొత్తలోనే మొత్తుకుంది. ఆయన చెవిన వేసుకోలేదు.

అలాంటి మనిషి యాభై మూడో ఏట బొమ్మ ట్యాంకు ముందేసుకుని కూర్చుంటే వీధి నవ్వకుండా ఎలా ఉంటుంది? నవ్వింది. అయితే అది పిల్లల బొమ్మ కాదు. అసలు ట్యాంకులో సరిగ్గా పదహారో వంతు. ఒళ్ళో పెట్టుకుంటే మోకాళ్ళు కనపడనంత పెట్టె, అందులో రెండు వేల పైచిలుకు ప్లాస్టిక్ ముక్కలు, ఏది ఎక్కడ అతికించాలో చెప్పే పెళ్ళి ఆల్బమంత పుస్తకం. బయటి ఇనుప తొడుగే కాదు, లోపలి సీట్లు, గేర్లు, గుండ్లు పేర్చే అరలు, ఆఖరికి డ్రైవరు కాళ్ళ కింది పెడళ్ళ మీది గీతలు కూడా ఉన్నాయి.

ఆ పనికి దించింది ఆయన వదిన. వాళ్ళాయన, అంటే పళ్ళాయన అన్నయ్య, సైన్యంలో ట్యాంకు డ్రైవరు. పంతొమ్మిదేళ్ళ కిందట సరిహద్దులో ట్యాంకుతో పాటే కాలిపోయాడు. ఇంటికి వచ్చింది ఒక ఉత్తరం, ఒక పెట్టె. ఆ పెట్టె తెరవొద్దన్నారు, తెరవలేదు. ఇప్పుడు వదిన కళ్ళలో నీటికాసులు. చూపు చుట్టూ నుంచి లోపలికి ముడుచుకుపోతోంది. ఇంకో నాలుగైదు నెలలు అన్నాడు డాక్టరు. ముప్పై ఏళ్ళు మిషను కుట్టిన మనిషి, సూదిలో దారం ఎక్కించలేకపోయిన రోజున కూడా కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. మరిది దగ్గరికి వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది.

"అబ్బాయ్, మీ అన్నయ్య ప్రతి ఉత్తరంలోనూ నా గూట్లో కూర్చుని రాస్తున్నాను అని రాసేవాడు. ఆ గూడు ఎలా ఉంటుందో నాకు తెలీదు. చూపు పోయేలోగా ఒక్కసారి చూపించు."

ఆయన పదేళ్ళవాడిగా ఉన్నప్పుడు కోడలిగా వచ్చి, జ్వరమొస్తే పక్కన కూర్చుని ముద్దలు కలిపి పెట్టిన వదిన. ఎలా కాదంటాడు? సరేనన్నాడు. అనడమైతే అన్నాడు గానీ, ఆ గూడు సంగతి ఆయనకి తెలుసు. వదినకి చెప్పింది వేరు.

అదేమిటో ఇక్కడే చెప్పేస్తాను, దాచి ప్రయోజనం లేదు. అన్నయ్య పోయిన మూడు నెలలకి ఒకాయన దుకాణానికి వచ్చాడు. పేలుడులో పై పళ్ళన్నీ ఊడిపోయాయి, కొత్తవి కావాలన్నాడు. కొలత కోసం నోట్లో ముద్ద పెట్టి, అది గట్టిపడేదాకా కదలొద్దని పళ్ళాయన చెప్పాడు. కదల్లేదు గానీ కళ్ళ వెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ముద్ద తీశాక చెప్పాడు, అన్నయ్య ట్యాంకులో ఫిరంగి పేల్చే గన్నర్ని అని. ఆ రకం ట్యాంకులో ఒక చిక్కుందట. డ్రైవరు ముందు భాగంలో కింద కూర్చుంటాడు, నెత్తి మీదే మూత. ఫిరంగి ఉండే పై భాగాన్ని టరెట్ అంటారు, అది గుండ్రంగా తిరుగుతుంది. ఫిరంగి గొట్టం సరిగ్గా ఆ మూత మీదికి వచ్చి ఆగిందో, మూత లేవదు. ఆ రోజు కరెంటు పోయి అది అక్కడే ఆగింది.

"చేత్తో తిప్పే పిడి నా పక్కనే ఉందండీ. పన్నెండు చుట్లు తిప్పితే చాలు, గొట్టం పక్కకి పోయేది" అన్నాడు గన్నర్. "నేను తిప్పలేదు. పై నుంచి దూకేశాను. ఆయన కింది నుంచి కొడుతూనే ఉన్నాడు. మూడు దెబ్బలు, కాస్త ఆగి మళ్ళీ మూడు."

ఆ సాయంత్రమే వదిన అడిగింది, వచ్చినాయన ఏం చెప్పాడని. "కనురెప్పపాటులో అయిపోయిందట వదినా. అన్నయ్యకి తెలిసే లోపే" అన్నాడు పళ్ళాయన. పళ్ళసెట్టయినా ఏదయినా, అతికించే ముందు జిగురు లేకుండా ఊరికే కూర్చి చూసుకోవాలని కుర్చీలో కూర్చున్న ప్రతివాడికీ పాఠం చెప్పే మనిషి, ఆ అబద్ధాన్ని మాత్రం ముందూ వెనకా చూడకుండా అతికించేశాడు. పంతొమ్మిదేళ్ళుగా అది అలాగే ఉండిపోయింది.

రోజూ మధ్యాహ్నం భోజనమయ్యాక దుకాణం తలుపు వేసి పనిలో పడేవాడు. ముక్కలన్నీ అంటుకుని ఉండే చట్రం నుంచి ఒక్కోదాన్ని కటరుతో తుంచడం, తుంచిన చోట మిగిలిన మొటిమని ఆకురాయితో అరగదీయడం, గమ్ము చుక్క వేసి ఊపిరి బిగబట్టి అతికించడం. ఆ గమ్ము మామూలు జిగురు కాదు. ప్లాస్టిక్‌ని కరిగించి రెండు ముక్కల్నీ ఒకటి చేసేస్తుంది. ఆరిందంటే విరగ్గొట్టాలే తప్ప ఊడదు. చక్రాల చుట్టూ తిరిగే గొలుసుకే ఒక్కో పక్క తొంభై ఆరు లింకులు. భార్య గుమ్మంలో నిలబడి, "నా నగకి ఒక్క లింకు ఊడితే ఆర్నెల్లు అతికించలేదు మహానుభావుడు" అని మూతి తిప్పేది. వదిన పక్కనే కూర్చుని, అయిన ముక్కనల్లా చేతిలోకి తీసుకుని కంటి దగ్గర పెట్టుకునేది. "ఇదేంటి? బ్రేకా? ఇంత పక్కకుందేం? మోకాలు నొప్పి పుట్టదూ?" అని అడిగేది.

డ్రైవరు బొమ్మని తనే చెక్కాడు. కిట్టులో ఇచ్చిన మొహం నచ్చలేదు. అన్నయ్య ఆఖరిసారి సెలవులో వచ్చినప్పుడు సరదాగా తీసిన దవడ అచ్చు పై అరలో ఉంది. ముందు పళ్ళ మధ్య సందు, ఒక పక్కకి ఒరిగిన కోరపన్ను. భూతద్దం కింద పెట్టుకుని ఆ నవ్వుని గోరంత మొహంలో దింపాడు. బొమ్మని సీటులో కూర్చోబెట్టి, నడుము దగ్గరా పాదాల దగ్గరా గమ్ము వేశాడు. దాని మీద పైకప్పు బిగించి మూత పెట్టాడు. వదిన కోసం ఆ మూతని మాత్రం తెరుచుకునేలా వదిలాడు.

మిగిలింది టరెట్. కిట్టు ప్రకారం అది తిరగాలి. కానీ తిరిగితే వదిన వేలితో తిప్పి చూస్తుంది. తిప్పితే గొట్టం మూత మీదికి వస్తుంది, అప్పుడు మూత లేవదని తెలుస్తుంది. కుట్టుపని చేసిన వేళ్ళవి, ఒక్క పోగు తేడా వచ్చినా పట్టేస్తాయి. అందుకని గొట్టాన్ని ఎడం పక్కకి తిప్పి, ఇక కదలకుండా చుట్టూ గమ్ము పోసేశాడు. రబ్బరు బ్యాండు వేసి, దుకాణానికి తాళం పెట్టి, తాళంచెవి మొలలో దోపుకున్నాడు.

తెల్లవారి తలుపు తీసేసరికి గొట్టం మూత మీద ఉంది.

రబ్బరు బ్యాండు తెగలేదు. గమ్ము గీత మీద చిన్న పగులు కూడా లేదు, గొట్టం అక్కడే పుట్టినట్టుంది. పిల్లి పని అంది భార్య. పిల్లి గమ్ము ఊడదీసి మళ్ళీ అతికిస్తుందా? సన్న బ్లేడుతో కోసి పక్కకి తిప్పి ఈసారి రెట్టింపు గమ్ము పోశాడు. మర్నాడూ అంతే. మూడో రోజు లోపల ఇనుప మేకు దింపి మరీ అతికించాడు. నాలుగో రోజు పొద్దున మేకు వంగకుండా ఉంది, గొట్టం మాత్రం మూత మీదికి వచ్చింది. దవడలన్నీ అరల్లోంచి ఆయన్నే చూస్తున్నాయి. ఇరవై ఏడేళ్ళుగా ఆ పని చేస్తున్నా, మొదటిసారి వాటిని చూసి ఆయనకి భయమేసింది. పై అరలోని అన్నయ్య దవడని గోడ వైపు తిప్పి పెట్టాడు.

ఆ మధ్యాహ్నం వదిన వచ్చి కూర్చుంది. అప్పటికి ఆమెకి ఎదురుగా ఉన్న పళ్ళెమంత మేరే కనపడుతోంది. చూపు తగ్గినకొద్దీ చెవులు మాత్రం పదునెక్కాయి.

"అబ్బాయ్, ఎవరో తలుపు కొడుతున్నారు."

ఆయనకేమీ వినపడలేదు. అయినా వెళ్ళి వీధి తలుపు తీశాడు. ఎండ తప్ప ఎవరూ లేరు.

"వీధి తలుపు కాదు" అంది వదిన. "ఇక్కడ."

అప్పుడు ఆయనకీ వినపడింది. గోటితో గాజు మీద కొట్టినంత సన్నగా. మూడు దెబ్బలు, కాస్త ఆగి మళ్ళీ మూడు. బల్ల మీది నుంచే. ఎండకి ప్లాస్టిక్ టిక్కుమంటోందని తనకి తనే సర్దిచెప్పుకోబోయాడు. లెక్క పెట్టుకుని మరీ టిక్కుమనే ప్లాస్టిక్ ఎక్కడైనా ఉంటుందా?

వదిన రెండు చేతులూ చాచి ట్యాంకుని దగ్గరికి లాక్కుంది. వేళ్ళు గొలుసుల మీదుగా ముందుకి వెళ్ళాయి, దీపాలు తాకాయి, మూత దగ్గర ఆగాయి. మూత అంచు కింద గోరు పెట్టి లేపింది. లేవలేదు. మళ్ళీ లేపింది. పైకి తడిమితే గొట్టం తగిలింది. గొట్టం మీద ఒక వేలు, మూత మీద ఒక వేలు పెట్టి చూసింది. దెబ్బలు ఆగలేదు.

"ఇది అడ్డముంటే మూత రాదన్నమాట" అంది.

గమ్ము ఇంకా ఆరలేదని చెప్పొచ్చు, ముక్క తప్పు వచ్చిందని చెప్పొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆ వేళ్ళ కిందే కొడుతూ ఉంటే ఎలా అబద్ధమాడతాడు?

"నేను నీకు అబద్ధం చెప్పాను వదినా" అన్నాడు. మొత్తం చెప్పేశాడు. గన్నర్ సంగతి, పిడి సంగతి, పన్నెండు చుట్లు, మూడేసి దెబ్బలు. చెబుతూ చెబుతూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

వదిన ఏడవలేదు. "ఎంతసేపు?" అని అడిగింది.

"తెలీదు. గన్నర్ పరుగెత్తినంతసేపూ వినపడిందట."

ఆమె తలూపింది. ఎడం చేత్తో ట్యాంకుని బల్లకి అదిమిపట్టి, కుడి చేత్తో టరెట్ పట్టుకుంది. అతికించి ఉంది, రాదని చెప్పబోయాడు. ఆమె వినిపించుకోలేదు. మిషను చక్రం తిప్పినట్టు మెల్లగా, ఆగి ఆగి తిప్పింది. ఒకటి, రెండు అని పెదాలతో లెక్కపెడుతూనే ఉంది. రెట్టింపు గమ్ము, లోపలి మేకు, ఏదీ ఆపలేదు. పన్నెండు అనేసరికి గొట్టం పూర్తిగా పక్కకి వెళ్ళింది. దెబ్బలు ఆగిపోయాయి. గదిలో మైనం గిన్నె చల్లారుతున్న చప్పుడొక్కటే మిగిలింది.

వదిన గోటితో మూత లేపింది. చులాగ్గా వచ్చేసింది. ఆ రంధ్రంలో చిటికెన వేలు పెట్టి తడిమి, మొహం దగ్గరికి తెచ్చుకుని మిగిలిన చూపంతా పెట్టి చూసింది.

"గూడు బాగుంది" అంది. "కానీ లోపల ఎవరూ లేరేం?"

ఆయన భూతద్దం లాక్కుని, దీపం వంచి చూశాడు. పెడళ్ళున్నాయి, సీటుంది, సీటు మీద ఎండిన గమ్ము మరక ఉంది. పెడళ్ళ పక్కన రెండు చిన్న పాదాల గుర్తులున్నాయి. డ్రైవరు లేడు. ట్యాంకుని తలకిందులు చేసి దులిపాడు. బల్ల కింద వెతికాడు, ప్లాస్టర్ బస్తా జరిపాడు, నేల మీద మోకాళ్ళతో పాకుతూ ట్వీజరుతో మూలమూలా గీరాడు. వీధి తలుపు ఇందాక ఆయన తీసినప్పటి నుంచీ బార్లా తెరిచే ఉంది.

"లేవరా" అంది వదిన. చిన్నప్పుడు జ్వరమొచ్చిన రోజుల్లో తప్ప ఆయన్ని రా అని పిలవలేదు. "వెతకొద్దు. ఇన్నాళ్ళకి బయటపడ్డాడు. మళ్ళీ పట్టుకొచ్చి అందులో కూర్చోబెడతావా?"

ఆయన ట్వీజరు బల్ల మీద పెట్టేశాడు.