ఆడదో మగదో తెలియని చేప

అప్పుడు నాకు ఐదో నెల. వానలు పడుతున్న రోజులు. తాడేపల్లిగూడెంలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తాను కాబట్టి ఇంట్లో నా మాటకు కాస్త విలువ ఎక్కువ. ఆ విలువతోనే నా నెత్తిన నేనే చెయ్యి పెట్టుకున్నాను.

మా అత్తగారి పుట్టిల్లు కొల్లేటికోట. వాళ్ళ ఇళ్ళల్లో చేప కోస్తే జన, అంటే చేప కడుపులోని గుడ్లు, కడుపుతో ఉన్న కోడలికే. మగవాళ్ళు అడిగినా పెట్టరు.

"చెరువు చేప వద్దండీ అత్తయ్యగారూ, మందులేస్తారు. కొల్లేట్లో పట్టిందే తెప్పించండి," అని మొదట్లోనే తీర్పు చెప్పేశాను.

ఆవిడ తమ్ముడు వారం వారం సరస్సులో పట్టిన శీలావతి చేప పంపేవారు. ఏలూరు మురుగు, పొలాల్లో కొట్టిన మందులు, చెరువుల్లోంచి వదిలేసే నీళ్ళు అన్నీ చేరేది ఆ సరస్సులోకేనని క్లాసులో బొమ్మ గీసి మరీ చెప్పే మనిషిని. వంటింట్లో మాత్రం గుర్తు రాలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదే.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక అత్తయ్యగారు కత్తిపీట ముందు కూర్చుని పిలిచారు.

"అమ్మాయ్, ఇలా రా. ఇది ఆడదో మగదో చెప్పు."

నవ్వుతూ వెళ్ళాను. చేప కడుపులో పసుపుపచ్చని జన. దాన్ని అంటుకునే, మగచేపకు మాత్రమే ఉండే తెల్లని పాలముద్ద, అంటే వీర్యం. నా నవ్వు ఆగిపోయింది. నీళ్ళలో కలిసే కొన్ని రసాయనాలు ఒంట్లో చేరి హార్మోన్ల వేషం వేస్తాయనీ, మగచేపలో గుడ్లు పుట్టిస్తాయనీ చదివాను. ఈ చేపకు జరిగింది అదో కాదో తేల్చడానికి నా దగ్గర ఏమీ లేదు. అయినా బుర్రలో ఒకటే ప్రశ్న. చేపనే తారుమారు చేసింది, నా కడుపులో బిడ్డను వదిలిపెడుతుందా?

"పారెయ్యండి," అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూశారు.

"చెడిపోయిందా అమ్మా? పోయిన నెల్లో రెండుసార్లు ఇలాగే ఉందే. అప్పుడు కొంచెమే ఉంటే కొవ్వనుకున్నాను. బలమని, ఆ తెల్లది కూడా కలిపి నీకే వండాను."

ఆవిడను ఏమనగలను? కొల్లేటి చేపే కావాలన్నది నేను. నా చెయ్యి కడుపు మీదకు పోవడం ఆవిడ చూశారు.

"బిడ్డకేం కాదు కదమ్మా? నువ్వు చదువుకున్నదానివి, చెప్పు."

"నాకు తెలీదండీ," అన్నాను. ఆ ఇంట్లో నేను ఆ మాట అనడం అదే మొదటిసారి.