పెళ్లికూతురి గడ్డం కింద మీటర్

నేను ప్రభుత్వ ఫిల్మ్ విభాగం నుంచి రిటైరైన మరుసటి ఏడాది, జనవరిలో, పంజగుట్టలోని ఒక చర్చిలో పెళ్లి తీసే పని ఒప్పుకున్నాను. సర్వీసంతా నా హోదా ‘కెమెరామన్’. ఆడదాన్ని కదా, మార్చండి అంటే, ఆ పోస్టు అలాగే మంజూరైందన్నారు. కానీయండి అని ఊరుకున్నాను.

పని అప్పగించింది పెళ్లికూతురే. పేరు షారోన్. అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్లో జావా చెబుతుంది. వాళ్ల తాత వాడిన సూపర్ ఎయిట్ కెమెరా, అంటే ఇళ్లలో సరదాగా సినిమా తీసుకునే చేతి కెమెరా, పట్టుకుని మధురానగర్‌లో మా ఇంటికి వచ్చింది. మోటారు భేషుగ్గా తిరుగుతోంది. వెలుతురు కొలిచే లోపలి లైట్ మీటర్ మాత్రం చచ్చిపోయింది. దానికి కావలసిన బ్యాటరీలు ఇప్పుడు దొరకవు. “దాంతో పనేముంది, నా చేతి మీటర్ ఉంది” అన్నాను. ఫిల్ము ఒక్క రీలే సంపాదించగలిగింది. మూడు నిమిషాలు కూడా రాదు. పెళ్లి మళ్లీ చేయించలేం కాబట్టి, పోతే పోయినట్టే.

ఆ పిల్ల అడిగింది ఒక్కటే. “ఎంగేజ్‌మెంట్ ఆల్బమ్ల నన్ను సున్నం కొట్టినట్టు తెల్లగ చేసిండ్రు మేడమ్. మా అన్న బిడ్డ నా ఫొటో నాకే చూపెట్టి, ‘గీమె ఎవరత్తా’ అనడిగింది. గీ ఒక్క రీల్ల అన్న నా రంగుల నేను కనబడాలె.” చామనచాయ కంటే ఇంకాస్త నలుపు ఆమెది. ఆ ఆల్బమ్ చేసినవాడు ఎదురుగా ఉంటే నాలుగు దులిపేదాన్ని.

మీటర్ సంగతి కొంచెం చెప్పాలి. ఒక పద్ధతిలో దాన్ని మనిషి వైపు తిప్పి, మనిషి మీద నుంచి తిరిగొచ్చే వెలుతురును కొలుస్తారు. తెల్ల చీర కట్టిన నల్లపిల్ల దగ్గర దాన్ని నమ్మలేం. చీరకు ఒక లెక్క, ముఖానికి ఇంకో లెక్క చెబుతుంది. నాది రెండో పద్ధతి. మీటర్ నెత్తిన తెల్లటి బుడిపె ఉంటుంది. దాన్ని మనిషి గడ్డం కింద, కెమెరా వైపు తిప్పి పట్టుకుంటే ముఖం మీద పడే వెలుతురెంతో చెబుతుంది. ముఖం రంగుతో దానికి పనిలేదు. అది చెప్పిన అంకె కంటే నేను లెన్సును అర మెట్టు ఎక్కువ తెరుస్తాను; ఒక మెట్టు తెరిస్తే లోపలికొచ్చే వెలుతురు రెట్టింపవుతుంది. ఈ కెమెరాలో లెన్సులోకి వచ్చిన వెలుతురు కొంత, మనం కన్ను పెట్టి చూసే అద్దానికి మళ్లిపోతుంది. బయటి మీటర్‌కు ఆ సంగతి ఏం తెలుసు?

పెళ్లి రోజు పొద్దున్నే కొలత తీసుకుని సిద్ధంగా ఉన్నాను. షారోన్ తల్లి సుగుణమ్మ వచ్చి నా చేయి పట్టుకుంది. యూసుఫ్‌గూడలో టైలరింగ్ షాపు నడిపే గట్టి మనిషి. “పిల్ల జర తెల్లగ రావాలె మేడమ్. వియ్యపురాలి దిక్కోళ్లంత ఎర్రగుంటరు. నా బిడ్డను చూసి నవ్వొద్దు” అంది కళ్లనీళ్లతో. లెన్సు రెండు మెట్లు ఎక్కువ తెరిస్తే ఆమె కోరిక తీరుతుంది. కానీ ఈ రకం ఫిల్ములో చీర అంచుతో సహా మాయమై ఉత్త తెల్లగుడ్డ మిగులుతుంది. అదే చెప్పాను. “చీర పోతే పోనీయుండ్రి” అంది. చూద్దాం లెండి అని తప్పించుకున్నాను.

ఉంగరాలు మార్చుకునే ముందు సంఘమంతా పాట అందుకుంది. సరిగ్గా అప్పుడు సుగుణమ్మ వీడియో తీయడానికి వచ్చిన అతనికి సైగ చేసింది. అతను పెద్ద ఎల్‌ఈడీ లైటు షారోన్ ముఖం మీదికి తిప్పాడు. నా కొలత గంగలో కలిసింది. అలాగే తీస్తే మళ్లీ సున్నం కొట్టిన బొమ్మే. షారోన్ బెదిరిపోయి నా వైపు చూసింది.

లైటు తీసేయమనొచ్చు. తీసేయమంటే బలిపీఠం ముందే తల్లీకూతుళ్లకు గొడవ. పాట సాగుతుండగానే తిన్నగా ముందుకు నడిచి, పెళ్లికూతురి గడ్డం కింద మీటర్ పెట్టాను. పాస్టరుగారు కళ్లజోడు మీదుగా చూశారు. పెళ్లికొడుకు ఒక అడుగు వెనక్కి వేశాడు; జ్వరం చూస్తున్నాననుకున్నాడో ఏమో! “లైట్ బంద్ చేయించుండ్రి మేడమ్” అంది షారోన్ పెదవి కదపకుండా. “వెలగనీ తల్లీ. నువ్వు ఫికర్ చెయ్యకు” అన్నాను. మీటర్ పొద్దుటి కంటే రెండు మెట్ల వెలుతురు ఎక్కువ చూపించింది. లెన్సును సరిగ్గా అంతే మూశాను. వెనక్కి వచ్చి బటన్ నొక్కాను. లైటు వెలుగుతోంది కాబట్టి సుగుణమ్మ ముఖం వెలిగిపోతోంది.

ఫిల్ము కడిగించి తెప్పించాక, వాళ్లింట్లో గోడకు దుప్పటి కట్టి ప్రొజెక్టర్ వేశాం. చీర అంచు మీద జరీ పువ్వులతో సహా, తన నలుపుతో నిగనిగలాడుతూ షారోన్ కనబడింది. కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టింది. సుగుణమ్మ చప్పట్లు కొట్టలేదు. ఇవాళ నాకు అక్షింతలు తప్పవనుకున్నాను. రీలు అయిపోయాక, “గంత లైట్ ఏసినా గిట్లెట్ల వచ్చింది మేడమ్?” అంది. చేసింది చేసినట్టు చెప్పాను. ఆమె దుప్పటి వైపు తిరిగింది.

“నా పెండ్లి ఫొటోలల్ల సుత నేను లేను. ఎవరో తెల్లామె ఉన్నది” అంది. “ఇంకోపారి ఎయ్యుండ్రి.”

మళ్లీ వేశాను.

బొమ్మ ఎలా రావాలో అందరూ చెబుతారు. వాళ్లతో వాదిస్తూ కూర్చుంటే ఈలోగా వెలుతురు మారిపోతుంది. ఎవరేమన్నా, లైటు మారిన ప్రతిసారీ మనిషి ముఖం దాకా నడిచి వెళ్లి కొలత తీయాలి. పెళ్లి పీట మీదున్నా సరే, వెళ్లాలి.