కిన్నెరసానిలో ఎవరి పడవో ఎక్కాను

ఒక్కరోజులో పాలేరు, కిన్నెరసాని జలాశయాలు రెండూ చూపిస్తామంటే మా అక్కా నేనూ ఖమ్మంలో టూరు బస్సెక్కాము. పాలేరు బాగానే చూశాం. మధ్యాహ్నం కిన్నెరసాని ఒడ్డున గైడు అందరికీ లైఫ్ జాకెట్లు ఇచ్చి, జల్దీ ఎక్కమన్నాడు. బెల్టు పెట్టుకోవడం రాక తంటాలు పడి, తలెత్తి, కదలబోతున్న పడవలోకి ఎక్కేశాను.

నీళ్ల మధ్యకు వెళ్లాక చూస్తే అందులో అక్కా లేదు, మా బస్సువాళ్లు ఒక్కరూ లేరు. ఏం చెయ్యాలో తోచలేదు. పక్కనున్న పెద్దావిడ నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు మా చిన్నకోడలి అక్కవు గదా? పెండ్లిల చూసిన."

కాదనాల్సింది. "అవ్" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

"మీ నాయన కాలు గిప్పుడెట్లుంది బిడ్డా?"

కాలు పడిపోయి మంచాన పడ్డ మా నాన్న, ఆ మంచం దిగకుండానే పోయి చాలా ఏళ్లయింది. "నడుస్తుండమ్మా" అన్నాను.

"నడుస్తుండా! ఎంత మంచి మాట చెప్పినవ్" అంటూ ఆమె కళ్లు తుడుచుకుంది. నాకు సంతోషమేసింది, ఆ వెంటనే భయమూ వేసింది.

పడవ తిరిగి ఒడ్డు చేరగానే అక్క నా మీద అరిచింది. "ఏడికి పోయినవే? ఎవరామె?"

బస్సు పాల్వంచ దాటాక జరిగిందంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను.

"కర్ర పట్టుకొని నడుస్తుండని చెప్పినవా, ఉత్తగనే నడుస్తుండని చెప్పినవా?" అని అడిగింది అక్క.

"ఉత్తగనే."

అక్క తల ఊపి, కిటికీ వైపు తిరిగింది. నేను చేసింది తప్పో ఒప్పో ఆమెను అడగలేకపోయాను.